లెవెన్‌వర్త్ లైట్లకి పెద్దవాళ్లతో వెళ్లొచ్చా?

వాషింగ్టన్ రాష్ట్రంలో జర్మన్ పల్లెలా కనిపించే చిన్న ఊరు లెవెన్‌వర్త్‌లో క్రిస్మస్ లైట్లు చూడ్డానికి, సియాటెల్ పక్కనున్న బెల్‌వ్యూ నుంచి ఈ శనివారం కారులో వెళ్దామనుకుంటున్నాం. ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చారు. మంచులో డ్రైవింగంటేనే టెన్షన్.

జవాబు: శనివారం వద్దండీ, జనం తొక్కిడి. లైట్లు క్రిస్మస్ అయ్యాక కూడా ఉంటాయి. హైవే 2లో స్టీవెన్స్ పాస్ అనే కనుమ దగ్గర మంచు పడితే టైర్లకి చైన్లు తప్పనిసరి చేస్తారు, కొని డిక్కీలో పడేయకుండా ఇంటి దగ్గరే ఒకసారి తొడిగి చూసుకోండి, వేళ్లు కొంకర్లు పోతుంటే అక్కడ నేర్చుకోలేరు.

జవాబు: ఆమ్‌ట్రాక్ వాళ్ల ఎంపైర్ బిల్డర్ రైలు లెవెన్‌వర్త్‌లో ఆగుతుంది. సాయంత్రం బండి కాబట్టి రాత్రికి రూమ్ చూసుకోవాలి. ఆ జర్మన్ ఇళ్లన్నీ, కలప వ్యాపారం పోయాక 1960ల్లో టూరిస్టుల కోసం వేసిన వేషమే. అయినా బాగుంటుంది!

జవాబు: అమ్మగారికి గ్రిప్ ఉన్న బూట్లు కొనండి. ఫ్రంట్ స్ట్రీట్‌లో తొక్కిన మంచు గట్టిపడి జారుతుంది.