స్టాక్‌హోమ్ బాడుగ ఇంటికి తిరుపతి నుంచి ఏం మోసుకుపోవాలి?

ప్రశ్న (తిరుపతి)

వచ్చే నెల స్టాక్‌హోమ్‌లో చేరాలి. బాడుగ ఫ్లాటు. తెల్ల గోడలు, పైన్ చెక్క నేల, సామాను ఏమీ లేదు. అక్కడి ఇళ్ల ఫొటోలు నాకు నచ్చాయి, ఇంట్లోవాళ్లేమో ఆసుపత్రిలా ఉందంటున్నారు. 23 కిలోల పెట్టెలు రెండు. ఇక్కడ ఏం కొనాలి, అక్కడ ఏం కొనాలి?

జవాబు (స్టాక్‌హోమ్)

ఆసుపత్రిలా కనబడేది తెలుపు వల్ల కాదు సామీ, అన్నీ నున్నగా ఉండటం వల్ల. తెల్ల గోడ, మెరిసే లామినేట్ బల్ల, పాలిస్టర్ కర్టెను వెలుతురును ఒకేలా తిప్పికొడతాయి. అదే గోడ ముందు ముతక లినెన్, ఉన్ని, పాలిష్ లేని చెక్క పెట్టండి. ఒక్క రంగు కూడా చేర్చకుండానే గది మారిపోతుంది. గరుకు పక్కన నునుపు ఉండాలి, అంతే. అన్నీ గరుకైనా గోదాములా ఉంటుంది.

ముందు దీపాలు చూసుకోండి, నేత కనబడాలంటే వెలుతురు పక్క నుంచి పడాలి. డిసెంబరు చివర్లో తిరుపతిలో పగలు 11 గంటల పైచిలుకు, స్టాక్‌హోమ్‌లో 6 గంటలే. నడినెత్తిన ఒక్క ట్యూబులైటు పెడితే ఎంత మంచి నేతైనా చదునుగా కనిపిస్తుంది. గదికి మూడు నాలుగు చిన్న దీపాలు, కూర్చున్నవాళ్ల కంటి ఎత్తులో, 2700 కెల్విన్ (పసుపు ఛాయ వెలుగు) బల్బులతో పెట్టుకోండి. బాడుగ ఇళ్లలో దీపాలు ఉంటాయనుకోవద్దు, చాలాచోట్ల కప్పులో సాకెట్టు మాత్రమే ఉంటుంది. మన పిన్ను హోల్డరు దీపాలు తెచ్చి లాభం లేదు. ఇక్కడ మర తిప్పే హోల్డర్లే, పెద్దది ఈ27, చిన్నది ఈ14.

డబ్బు ఒక్కదానికే పెట్టగలిగితే ఉన్ని తివాచీకి పెట్టండి. సోఫా ముందు కాళ్లు దానిమీద నిలవాలి. మామూలు హాలుకు 170×240 సెం.మీ. సరిపోతుంది. చిన్నది కొంటే గది మధ్యలో పట్టా పరిచినట్టుంటుంది. కొత్తలో కొన్ని వారాలు నూగు రాలుతుంది, అది లోపం కాదు. తిరిగే బ్రష్షు లేకుండా వాక్యూమ్ చేయండి. కింద జారని వల తప్పనిసరి.

జవాబు (గోథెన్‌బర్గ్)

కర్టెన్లకు వెంకటగిరి కాటన్ చీర తెచ్చుకోండి అక్కా. పలచటి నేత, వెలుతురును ఆపదు. లెక్క చూడండి: చీర పొడవు సుమారు 5.5 మీటర్లు, సగానికి కోస్తే రెండు ముక్కలు 2.75 మీటర్ల చొప్పున. కప్పు ఎత్తు 2.4 మీటర్లయితే పైనా కిందా మడతకు 35 సెం.మీ. మిగులుతుంది. వెడల్పు ఒక్కో ముక్క 1.15 మీటర్ల దాకా ఉంటుంది, కాబట్టి 1.2 మీటర్ల కిటికీకి కుచ్చులు బాగా వస్తాయి. కోసేముందే ఒకసారి ఉతికి గంజి వదిలించండి. లేకపోతే కుట్టిన తర్వాత కుంచించుకుని నేలకు పైన తేలుతుంది. లినెన్ కొన్నా ఇదే మాట.

కిటికీ కింద రేడియేటరు ఉంటే కర్టెన్ను గట్టు దగ్గరే ఆపేయండి. దాన్ని కప్పేస్తే వేడి గదిలోకి రాదు.

జవాబు (శ్రీకాళహస్తి కలంకారీ గురించి)

గోడకు ఒక్క కలంకారీ గుడ్డ చాలు. కరక్కాయ, పాలు పట్టించిన బట్టమీద ఇనుము, బెల్లంతో పులియబెట్టిన నలుపు, పటిక వేసిన చోట పట్టే ఎరుపు... ఆ మట్టిరంగులు పైన్ చెక్కతో భలే కలుస్తాయి. కలంతో గీసిందో కాదో చూడాలంటే ఒకే ఆకునో పువ్వునో రెండుచోట్ల పోల్చండి. గీత మందం అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే అది అచ్చే. కిటికీకి ఎదురుగా వేలాడదీయొద్దు, వేసవిలో పొద్దు గూకనంత సేపు ఎండ పడి వెలిసిపోతుంది. పైనా కిందా రెండేసి సన్న చెక్కపట్టీల మధ్య గుడ్డను బిగించి పైపట్టీకి తాడు కట్టండి, గుడ్డకు మేకు తగలదు. ఫ్రేము కట్టిస్తే అద్దానికి గుడ్డ ఆనకుండా అట్ట అంచు పెట్టించండి.

పలమనేరు మట్టికుండలో ఎండుగడ్డి పెడితే బాగుంటుంది. మెరుగు పూయని మట్టి నీళ్లను ఊరుస్తుంది, కాబట్టి మొక్క పెడితే కింద పళ్లెం ఉండాలి, లేకపోతే చెక్క నేలమీద గుండ్రటి మచ్చ మిగులుతుంది. పెట్టెలో సర్దేటప్పుడు ముందు కుండ లోపల బట్టలు కుక్కి, ఆ తర్వాతే బయట చుట్టండి.

ఒక హెచ్చరిక. మాధవమాల చెక్కబొమ్మలు కొనండి గానీ ఎర్రచందనంవి వద్దు. ఆ చెట్టు 1995 నుంచి సైటీస్ (అరుదైన జంతువులు, మొక్కల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. కాగితాలు లేకుండా విమానం ఎక్కిస్తే బొమ్మ పోతుంది, తలనొప్పి మిగులుతుంది.

జవాబు (ఉప్సలా)

చెక్క సంగతి నాలుగు ముక్కల్లో. పాలిష్ లేని పైన్ బల్ల పసుపును పీల్చేస్తుంది. పడగానే తుడవండి, అయినా మిగిలితే బల్లను కిటికీ దగ్గరికి జరపండి, పసుపు మరక ఎండకు పాలిపోతుంది. ఇక్కడ సోపా అనే మెత్తటి చెక్కసబ్బు దొరుకుతుంది, గోరువెచ్చని నీళ్లలో కలిపి బాగా పిండిన గుడ్డతో, చెక్క గీత వెంబడి తుడవాలి. నీళ్లు ఎక్కువైతే నారలు లేచి బల్ల గరగరలాడుతుంది.

అవిసె నూనె పూస్తే మాత్రం ఆ గుడ్డను ఉండచుట్టి చెత్తబుట్టలో వేయకండి. ఆరేటప్పుడు నూనెకు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక తనంతట తానే అంటుకుంటుంది. నీళ్లలో తడిపి మూతున్న ఇనుప డబ్బాలో పెట్టండి.

ప్రశ్న (తిరుపతి)

చాప, కంబళి తెచ్చుకోవచ్చా?

జవాబు (స్టాక్‌హోమ్)

కంబళి తెచ్చుకోండి, కుర్చీ వీపుమీద వేయండి. ఒంటికి గుచ్చుకుంటుంది కాబట్టి సోఫామీద వద్దు. వంటగది హాల్లోనే కలిసి ఉంటే ఉన్నికి తాలింపు వాసన పడుతుంది, పొయ్యికి దూరంగా ఉంచండి. పురుగు అనుమానం ఉంటే సంచిలో కట్టి రెండు వారాలు మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో పెట్టండి.

చాపను మడతపెట్టకండి, చుట్టండి. చలికాలం హీటింగు గాలికి ఎండి మడతల దగ్గర విరుగుతుంది. నేలమీద జారుతుంది కూడా, పిల్లలుంటే గోడకు ఆనించిన దివానుమీద పరచండి.