రమ్మీలో అన్నీ కుదిరినా రాంగ్ షో ఎందుకయింది?

కొత్తచెయ్యి: సాయంత్రం నుంచి బుర్ర వేడెక్కిపోయింది. అత్తగారింట్లో పదమూడు ముక్కల రమ్మీ ఆడుతున్నాం. నా చేతిలో ఆఠీను 5-6-7, డైమను 9-10-జాకీ పక్కన జోకర్, మూడు రాజులు, మూడు నాలుగులు. అన్నీ కుదిరాయని షో కొట్టాను. ముక్కలు పరచగానే మా బావమరిది రాంగ్ షో అని 80 పాయింట్లు వేశాడు. ఎందుకురా అంటే "చూసుకో బావా" అని నవ్వుతాడే తప్ప చెప్పడు. నెట్‌లో రూల్స్ అన్నీ చదివాను. వరుస ముక్కల సీక్వెన్సులు రెండు ఉన్నాయి కదా, ఇంకేం కావాలి?

లాపాయింటు: ముందు ఒక మాట. పందెం ఉందా? 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీ గురించి ఏం చెప్పిందో చాలామందికి సగమే తెలుసు. ఇది మూడు ముక్కలాటలా పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి నేర్పు ఎక్కువ అంది. అలాగని ఎక్కడైనా పందెం కాయమని కాదు. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడడాన్ని తెలంగాణ 2017లోనే ఆపింది. 2025లో కేంద్రం చట్టమే తెచ్చింది.

కొత్తచెయ్యి: చింతపిక్కలతో ఆడుతున్నాం సార్.

గోదారోడు: కట్ జోకర్ ఏంటి, అంటే కట్టలోంచి తీసి జోకర్ అనుకున్న ముక్క?

కొత్తచెయ్యి: ఆరు. అదెందుకు?

పాతకాపు: అదీ సంగతి. ఆరు జోకరైతే మీ ఆఠీను 5-6-7లో జోకర్ ఉన్నట్టే. ఇక అది లైఫ్ (జోకర్ లేని సీక్వెన్సు) ఎలా అవుతుంది? డైమను దాంట్లోనూ జోకర్ పెట్టారు. లైఫే లేదు, అందుకే రాంగ్ షో.

గోదారోడు: తప్పండి. ఆఠీను ఆరు తన చోట తానే ఉంది. జోకర్‌గా వాడలేదు. అది ప్యూర్ సీక్వెన్సే.

పాతకాపు: మా క్లబ్బులో ముప్ఫై ఏళ్లుగా ఒప్పుకోరు. అయినా ఈ ప్యూర్లూ ఇంప్యూర్లూ ఫోన్ ఆటలొచ్చాకే విన్నాం. లైఫ్ అంటాం మేము.

గోదారోడు: ఏమన్నా అనండి. పోనీ ఆఠీను వదిలేయండి, డైమను 9-10-జాకీ జోకర్ లేకుండానే నిలబడింది కదా. మీరు చెప్పినట్టే లెక్కేసినా అదే లైఫ్, ఆఠీనుది సెకండ్ లైఫ్, అంటే రెండో సీక్వెన్సు. సీక్వెన్సుల్లో గొడవ లేదు. కొత్తచెయ్యి గారూ, ఎన్ని కట్టలు? రాజులు ఏ రంగులు (ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు)?

కొత్తచెయ్యి: రెండు కట్టలే కదండీ ఎవరైనా ఆడేది. రాజులు ఇస్పేటు రెండు, కళావరు ఒకటి. నాలుగులు మూడూ వేరు వేరు.

గోదారోడు: ఇది మొదటే చెప్పాల్సింది. ట్రిప్లెట్‌లో, అంటే ఒకే నంబరు మూడు ముక్కల్లో, ఒకే రంగు రెండుసార్లు రాకూడదు. రెండు ఇస్పేటు రాజులు పెట్టారు, పోయింది.

కొత్తచెయ్యి: మూడూ రాజులే కదా!

గోదారోడు: రాజులే. రంగు కలిసింది. ఆ జోకర్‌ని డైమను దగ్గర నుంచి తీసి ఒక ఇస్పేటు రాజు, కళావరు రాజు పక్కన పెట్టండి. ఇప్పుడు మిగిలింది ఒక్క ఇస్పేటు రాజు. డైమను 8 గానీ రాణి గానీ వచ్చినా, ఇంకో జోకర్ దొరికినా, ఆ రాజును మూసి షో కొట్టొచ్చు. తొందరపడకుండా ఉంటే, ఈలోగా ఎవరైనా షో చేసినా మీకు పడేది ఆ రాజుకి 10. రాంగ్ షో కాబట్టి చేతిలో ఎంత కుదిరినా ఫుల్ కౌంట్ 80.

పాతకాపు: ఇంత దూరం రానివ్వడమెందుకు. పంచగానే చెయ్యి బాగోకపోతే 20 పాయింట్లకి ఆట వదిలేసి స్కూట్ అయిపోవాలి. కొత్తవాళ్లు ఆ పని చెయ్యరు, ఏదో వస్తుందని కూర్చుంటారు.

లాపాయింటు: స్కూట్ కాదు, డ్రాప్.

పాతకాపు: మీ ఊళ్లో డ్రాప్. గుంటూరులో స్కూట్. ఆట మధ్యలో వదిలితే మిడిల్ స్కూట్, 40.

లాపాయింటు: రూల్స్ రాసుకునేటప్పుడు ఏదో ఒకటే ఉండాలి కదా అంటున్నాను.

సున్నా_కౌంట్: మధ్యలో వస్తున్నందుకు సారీ. రాజు-ఆసు-రెండు సీక్వెన్స్ అవుతుందా?

గోదారోడు: అవదు. ఆసు-రెండు-మూడు అవుతుంది, రాణి-రాజు-ఆసు అవుతుంది. చుట్టు తిప్పకూడదు.

పాతకాపు: మేము తిప్పేవాళ్లం.

కొత్తచెయ్యి: ఓకే అండి, థాంక్స్. మళ్లీ పంచుతున్నారు, వెళ్తున్నా.

సున్నా_కౌంట్: ఆసు కౌంట్ ఒకటా పదా?