బాక్స్ హిల్ (లండన్‌కి దక్షిణాన, సర్రేలోని కొండ) నడక, ఏప్రిల్ 26: పబ్‌లో 42 మందికి చోటు లేదట, ఈ రాత్రి 8 లోపు తేల్చాలి

రూట్ టీమ్ (ఉదయం 9:10)
బ్యాడ్జీలు, ఫస్ట్ ఎయిడ్ కిట్, ఫోటోలు, తంబోలా, హాజరు పట్టీ: ఎవరు ఏది చూస్తున్నారో ఇవాళ రాసేయండి. వానలు పడితే మోల్ నదిలో అడుగులేసి దాటే 17 రాళ్ళూ మునుగుతాయి. అప్పుడు పక్కనే ఉన్న కాలివంతెన మీదుగా దాటాలి. అవతల 270కి పైగా మెట్లు. అక్కడిది సుద్దనేల, తడిస్తే సబ్బులా జారుతుంది. అడుగున గాడులున్న బూట్లే వేసుకోమని అందరికీ చెప్పండి.

భోజనాల టీమ్ (11:32)
బ్యాడ్జీల సంగతి తర్వాత అన్నా. పబ్ వాళ్ళు ఇప్పుడే ఫోన్ చేశారు. ఆదివారం రోస్ట్ (కాల్చిన మాంసం, బంగాళాదుంపలు, గ్రేవీతో పెట్టే భోజనం) రద్దీ, 42 మందికి ఒకేసారి వడ్డించలేమంటున్నారు. లోపల 16 సీట్లు ఇస్తారట. 12కి కూర్చుని 2కల్లా లేవాలి. మిగతావాళ్ళు తోటలో కూర్చోవచ్చు కానీ రోస్ట్ అక్కడికి రాదు, బయటి తిండి తేకూడదు. ఏదో ఒకటి రాత్రి 8కి చెప్పాలి.

ఖాతాలు (11:50)
తలకి 10 చొప్పున 420 పౌండ్లు అడ్వాన్స్ కట్టి ఉన్నాం. మొదట అనుకున్నది 30 మంది. నమోదు మూసేశాక ఇంకో 12 మందిని ఎవరిని అడిగి చేర్చారు?

భోజనాల టీమ్ (11:58)
42కి ఒప్పుకునే పబ్ వాళ్ళు డబ్బు తీసుకున్నారు, ఈమెయిల్ ఉంది. ఆ 12 మందిలో 9 మంది ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు. వాళ్ళని ఇంట్లో వదిలేసి రమ్మని మీరే చెప్పండి.

ఖాతాలు (12:04)
నేనలా అన్లేదు. ప్రతిసారీ చివర్లో జనం పెరుగుతారు, లెక్కకి మాత్రం నన్ను నిలదీస్తారు.

పిల్లలు, పెద్దల టీమ్ (12:20)
ఆ పంచాయితీ మీటింగ్‌లో పెట్టుకోండి, ఇవాళ 8కి సంఖ్య కావాలి. 16 సీట్లూ తీసేసుకుందాం: 9 మంది పెద్దవాళ్ళు, ముగ్గురు పసిపిల్లలు, కార్లు నడిపే నలుగురు. పెద్దవాళ్ళూ పసిపిల్లలూ ఎలాగూ ఆ మెట్లెక్కలేరు. మిగతా 26 మందికి కొండ మీద మన భోజనం పెడదాం.

రూట్ టీమ్ (12:41)
కుదురుతుంది. 10:45కి బాక్స్ హిల్ అండ్ వెస్ట్‌హంబుల్ స్టేషన్ దగ్గర కలిస్తే, పిల్లలతో నెమ్మదిగా నడిచినా 12:30కి కొండ మీద సాలమన్స్ మెమోరియల్ (చుట్టూ లోయ కనిపించే చోటు) దగ్గరుంటాం. పబ్‌లో తినే మనవాళ్ళు 2కి బయల్దేరి జిగ్‌జాగ్ రోడ్డు మీదుగా కారులో పైకి రావాలి. 2012 ఒలింపిక్స్ సైకిల్ రేసు సాగిన రోడ్డది. ఆదివారం సైకిళ్ళు గుంపులుగా వస్తాయి, తొందరపడి దాటేయొద్దు. పైన నేషనల్ ట్రస్ట్ (ఆ కొండని చూసుకునే సంస్థ) పార్కింగ్, టాయిలెట్లు ఉన్నాయి. గడ్డి మీద స్టవ్ వెలిగించడం మాత్రం వద్దు. రైల్లో వచ్చేవాళ్ళు ముగ్గురి నుంచి తొమ్మిది మంది దాకా జట్టు కట్టి గ్రూప్‌సేవ్ టికెట్ కొంటే మూడో వంతు తగ్గుతుంది.

భోజనాల టీమ్ (1:15)
అయితే వేడి పదార్థాలు లేవు. 2 కిలోల బియ్యంతో పులిహోర (చింతపండు 300 గ్రాములు), 52 చపాతీలు, 4 కిలోల బంగాళాదుంప వేపుడు. దద్దోజనం వద్దు, ఫ్రిజ్ లేకుండా అంతసేపు మోయలేం. పులిహోర శనివారం రాత్రి చేసేవాళ్ళు అన్నం కుక్కర్‌లో వదిలేయకండి. వెడల్పు ట్రేల్లో పల్చగా పరిచి గంటలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. గోరువెచ్చటి అన్నంలో పెరిగే బ్యాక్టీరియా విషం మళ్ళీ వేడిచేసినా పోదు. నమోదులో ఒకరికి గోధుమ, ఇద్దరికి పల్లీలు పడవని ఉంది. డబ్బా ఇంగువలో చాలావాటికి గోధుమపిండి కలుపుతారు, లేబుల్ చదివి కొనండి. పల్లీలు లేని పులిహోర ముందే విడిగా తీసి, దానికో గరిట కేటాయించండి.

పిల్లలు, పెద్దల టీమ్ (1:30)
పెద్దవాళ్ళలో ఏడుగురు శాకాహారులు వదినా. పబ్‌లో వెజ్ రోస్ట్ అంటే సరిపోతుందా?

భోజనాల టీమ్ (1:38)
సరిపోదు. బంగాళాదుంపలు గొడ్డు కొవ్వులోనో బాతు కొవ్వులోనో కాల్చవచ్చు, గ్రేవీ మాంసం రసంతో చేయవచ్చు. యార్క్‌షైర్ పుడ్డింగ్‌లో (రోస్ట్‌తో ఇచ్చే, పిండి జారుగా కలిపి కాల్చిన బన్నులాంటిది) గుడ్డు ఎలాగూ ఉంటుంది. చిప్స్ చేపలు వేయించిన నూనెలోనే వేస్తుండవచ్చు. ఒక్కొక్కటీ పేరు పెట్టి అడిగి, జవాబు ఈమెయిల్‌లోనే తెప్పిస్తాను.

ఖాతాలు (6:52)
అదే ఈమెయిల్‌లో మిగతా 26 మంది అడ్వాన్స్ 260 పౌండ్లు వాపసు కూడా అడగండి అమ్మా. కొండ మీద తినేవాళ్ళకి భోజనం ఖర్చు తలకి 5 పడుతుంది. వసూలు చేసింది 22 కాబట్టి 17 చొప్పున మొత్తం 442 తిరిగిచ్చేస్తాను. సామాన్ల రసీదులు శనివారం రాత్రికల్లా పంపండి.

భోజనాల టీమ్ (7:46)
పబ్‌కి 16 అని చెప్పేశాను. 260 వెనక్కిస్తామని రాశారు. చపాతీలకి ఇంకా ఇద్దరు కావాలి, తలా 15 చేసినా చాలు.

రూట్ టీమ్ (7:55)
15 మా ఇంట్లో చేస్తాం. చెత్త సంచులు కూడా తెస్తాను, పైనుంచి అంతా మనమే దింపాలి.