విశాఖ బీచ్ రోడ్డు: దారి, చరిత్ర

ప్రశ్న: అమ్మానాన్నలతో కలిసి విశాఖ బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాకా వెళ్లాలనుకుంటున్నాము. ఈ దారి ఎలా సాగుతుందో, దాని వెంట ఉన్న చరిత్ర ఏమిటో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: కోస్టల్ బ్యాటరీ దగ్గర మొదలై, రామకృష్ణ మిషన్ ఆశ్రమం పేరు మీదుగా పిలిచే ఆర్.కె. బీచ్, లాసన్స్ బే, కైలాసగిరి అడుగుభాగం, రుషికొండ దాటి భీమిలి చేరే ఈ దారి సుమారు 30 కిలోమీటర్లు ఉంటుందండి.

సమాధానం: ఆర్.కె. బీచ్‌లో తొందరపడకండి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించిన కురుసుర జలాంతర్గామిని ఒడ్డుకు చేర్చి, 2002లో మ్యూజియంగా తెరిచారు. లోపల గదికీ గదికీ మధ్య గుండ్రటి ఇనుప ద్వారాల్లోంచి వంగి దాటవలసి ఉంటుంది కాబట్టి, మోకాళ్ల నొప్పులున్న పెద్దలను జాగ్రత్తగా నడిపించండి. 1971 యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో కట్టిన స్మారకం కూడా ఆ దగ్గరలోనే ఉంది.

సమాధానం: పై మిత్రులు చెప్పినవాటికన్నా ఎంతో పాతది తొట్లకొండ. సుమారు రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ విహారం అది. రాతిలో తొలిచిన నీటి తొట్లు ఇప్పటికీ చూడవచ్చు. ఆ తరువాత ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. భీమిలిలో డచ్చివారి సమాధులను తప్పక చూడండి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు అది.