డానాబ్లూ సొంత చీజా, రోక్‌ఫోర్ట్‌కి కాపీనా?

కృష్ణాతీరం: డెన్మార్క్‌వాళ్ల నీలి బూజు చీజ్ డానాబ్లూని 20వ శతాబ్దం మొదట్లో మారియస్ బోయెల్ అనే చీజ్ తయారీదారు ఫ్రెంచివాళ్ల రోక్‌ఫోర్ట్‌ని చూసే తయారుచేశాడు. మొదట్లో 'డేనిష్ రోక్‌ఫోర్ట్' అనే అమ్మారు కూడా. చీజ్ పేర్ల మీద 1951లో స్ట్రెసా ఒప్పందం కుదిరాక ఆ పేరు వదులుకోక తప్పలేదు. అలాంటిదానికి 1996లో యూరప్ భౌగోళిక గుర్తింపు ఇవ్వడం విడ్డూరం కాదా?

పెరుగన్నం_ప్రియ: పుట్టుక సంగతి ఒప్పుకుంటాను కృష్ణ గారూ. కానీ పాలే వేరు కదా! రోక్‌ఫోర్ట్‌ని గొర్రెల పచ్చిపాలతో చేసి కొంబాలూ కొండ గుహల్లో మాగబెడతారు. డానాబ్లూ ఆవుపాలది. పైగా ఆ పాలను హోమోజినైజ్ చేస్తారు, అసలు కిటుకు అక్కడే ఉంది. కొవ్వు బొట్లు చితికి చిన్నవైతే ఎంజైములకు తేలిగ్గా దొరుకుతాయి. కొవ్వు విరిగి ఫ్యాటీ ఆసిడ్లు వస్తాయి, వాటిలో కొన్నిటిని బూజు మిథైల్ కీటోన్లుగా మారుస్తుంది. ముక్కుకెక్కే ఆ ఘాటు వాటిదే. చీజ్ అంత తెల్లగా ఉండటానికీ హోమోజినైజేషనే కారణం. ఇవన్నీ చూసి నేర్చుకుంటే వచ్చేవి కావు.

శీను_77: బూజు మాత్రం పెనిసిలియం రోక్‌ఫోర్టీనే కదండీ. పేరులోనే దొరికిపోయారు :)

పెరుగన్నం_ప్రియ: అదే బూజు స్టిల్టన్‌లోనూ ఉంటుంది. ఇంగ్లీషువాళ్లని కాపీ అంటారా మరి?

కృష్ణాతీరం: వాళ్లు పక్కవాడి పేరు పెట్టుకుని అమ్మలేదు కదమ్మా. నా గొడవ రుచితో కాదు, ద్వంద్వనీతితో. డానాబ్లూ డెన్మార్క్‌లోనే తయారవ్వాలట! గ్రీసువాళ్ల ఫెటా దగ్గరికొచ్చేసరికి మాత్రం అది అందరి పేరే అని యూరప్ కోర్టుకెళ్లి 2005లో ఓడిపోయారు. తర్వాత కూడా ఈయూ బయటికి 'ఫెటా' పేరుతో ఎగుమతులు ఆపించలేదని 2022లో అదే కోర్టు డెన్మార్క్‌ని మళ్లీ తప్పుపట్టింది.

పెరుగన్నం_ప్రియ: ఫెటా విషయంలో వాళ్లది తప్పే, నేను వెనకేసుకురాను. దానికి డానాబ్లూకి శిక్ష వేస్తే ఎలా? ఇప్పుడు దాన్ని ఎవరూ రోక్‌ఫోర్ట్ అనుకుని కొనడం లేదు. నాకడిగితే ఉప్పు కాస్త ఎక్కువే, కానీ బ్రెడ్ మీద మెత్తగా పరుచుకుంటుంది.

శీను_77: మీ గొడవ సరే, నాదో డౌటు. ప్యాకెట్ మీద 50+ అంటే సగం కొవ్వేనా? శాకాహారులు తినొచ్చా?

పెరుగన్నం_ప్రియ: కాదండీ, నీరు తీసేస్తే మిగిలేదాంట్లో సగం. 60+ రకమూ ఉంది, అది ఇంకా వెన్నలా ఉంటుంది. ఇక పాలను గడ్డకట్టించే రెన్నెట్ దూడ కడుపుదా కాదా అన్నది లేబుల్ మీద చూసుకునే కొనండి.