సమస్యాపూరణం: కత్తిఁ జూచి వీరుఁ డత్తిపత్తి

నిర్వాహకుడు:
మన హాస్య జానపద కథామాలికకు వీరుడు ఇంకా కుదరలేదు. భుజం మీద పుట్టుమచ్చ, ఒంటిచేత్తో వందమందిని మట్టి కరిపించే బలం, పేదరాశి పెద్దమ్మ ఇంట్లో భోజనం, చివరికి అర్ధరాజ్యం, రాకుమారి. ఈ అచ్చులో పోసిన మనిషిని ఎలా వెక్కిరించాలో పద్యాల్లోనే తేల్చుకుందాం. నచ్చిన పూరణ ఒక్కో కథకు బీజమవుతుంది. ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడు పాదాలూ మీరు పూరించాలి. అత్తిపత్తి అంటే ముట్టుకోగానే ముడుచుకునే మొక్క:

కత్తిఁ జూచి వీరుఁ డత్తిపత్తి

యతి అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదిరే మైత్రి. ఇందులో ఉన్నది ప్రాసయతి, అంటే ఆ చోట్ల రెండో అక్షరాలు ('కత్తి', 'డత్తి'ల్లో 'త్తి') కలవడం. మీ పాదాల్లో ఏ యతి వేసినా సరే.

గుంటూరు మిత్రుడు:

అంతిపురమునందు నతివల నడుమను
కౌరవులను గెలుతు గడియలోనె
యనిన రాకొమరుఁడు తనముందు నరిచేతి
కత్తిఁ జూచి వీరుఁ డత్తిపత్తి

ఉత్తరుడిని మించిన నమూనా ఎక్కడ దొరుకుతుందండీ?

విశ్రాంత పండితులు:
ధార బాగుంది నాయనా. అయితే రాకొమరుడు ఒక కర్త, వీరుడు ఇంకో కర్త. ఉన్నది ఒక్క మనిషే కదా! పైగా తిక్కనగారి విరాటపర్వంలో ఉత్తరుడు శత్రువు కత్తి ముందుకొచ్చేదాకా ఆగాడా? కౌరవసేన దూరాన కనబడగానే రథం దూకి పరుగు లంకించుకున్నాడు. బృహన్నల వెంటపడి పట్టుకురావలసి వచ్చింది. మూడో పాదం ఇలా మారిస్తే రెండు చిక్కులూ విడిపోతాయి:

యనిన యంతలోన ననిలోన దవ్వుల

ఉత్తరుడి పేరు చెప్పకపోయినా కౌరవులూ అంతఃపురమూ పట్టిస్తాయి.

వరంగల్ సోదరి:

ఏడు కడలు లీఁది యెగిరెడి చిలుకను
పట్టి వచ్చి, యత్త పంపినంత
వంటయింటిలోన వంకాయ తరుగఁగఁ
గత్తిఁ జూచి వీరుఁ డత్తిపత్తి

నిర్వాహకుడు:
అమ్మా, మొదటి కథ దొరికింది! ఏడు సముద్రాలు ఈదించి, అంత ఎత్తున కూర్చోబెట్టి, కత్తిపీట ముందు దించారు. ముందు పొంగనివ్వాలి, ఆ తరువాతే సూది గుచ్చాలి. ఉత్తరుడి పూరణలో ఆ పొంగు అంతా సొంత డప్పు. ఇక్కడ వీరుడు నిజంగానే ఘనకార్యం చేసి వచ్చాడు, అందుకే నవ్వు ఎక్కువ. ఒక్క సందేహం మాత్రం మిగిలింది. చిలుకను పట్టి తెచ్చాడు సరే, మెడ విరిచాడా? లేకపోతే మాంత్రికుడు బతికే ఉన్నాడు!

తెనాలి మిత్రుడు:

మీసమునకు నూనె మెఱుపులు దిద్దుచుఁ
బులినిఁ జంపినట్టి పొగరుతోడ
క్షౌరశాలలోన గద్దియ నెక్కియుఁ
గత్తిఁ జూచి వీరుఁ డత్తిపత్తి

విశ్రాంత పండితులు:
'ఎక్కియు'లో యుకారం పాదపూరణకే వచ్చింది. నవ్వించారు కాబట్టి వదిలేస్తున్నాను.

డాలస్ మిత్రుడు:
గురువుగారూ, నాకు ఛందస్సు కొత్త. 'వంద మందిని కొట్టు సినిమాలలోన' అని మొదలుపెట్టాను. అట్టకత్తి తిప్పే నటుడు అసలు కత్తిని చూసి జడుసుకోవాలి. ఆ పైన నడవడం లేదు.

నిర్వాహకుడు:
ఊహ దివ్యంగా ఉంది తమ్ముడూ, గణాలే తిరగబడ్డాయి. 'వంద', 'మంది' రెండూ గలాలు (గురువు, లఘువు), బాగున్నాయి. మూడో గణం 'నికొట్టు' జగణమై (లఘువు, గురువు, లఘువు) కూర్చుంది. ఆటవెలదిలో దానికి చోటు లేదు. మీ ఊహను ఇలా సర్దాను:

వంద మంది నొకఁడె వంచెడి చిత్రాల
నట్టకత్తి తప్ప నంటలేదు
నేఁడు కొలిమిచెంత నిజమైన యుక్కుదౌ
కత్తిఁ జూచి వీరుఁ డత్తిపత్తి

వచ్చేసారి మొత్తం మీరే రాయాలి.

విజయనగరం మిత్రుడు:

ఏమిఁ జూచి పిఱికి యింటిలో దాఁగును?
ఎవఁడు కథకు మూల మెల్లవేళ?
ముట్టినంత ముడుచు మొక్క పేరేమిటి?
కత్తిఁ జూచి, వీరుఁ, డత్తిపత్తి

విశ్రాంత పండితులు:
భేష్! క్రమాలంకారం, మూడు ప్రశ్నలకూ నాలుగో పాదంలో వరసగా జవాబులు. ఈ సమస్యను అష్టావధానంలో ఇచ్చి ఉంటే, అడిగిన పృచ్ఛకుడే లేచి దండం పెట్టేవాడు. బహుమతి దీనికే.

నిర్వాహకుడు:
పద్యంలో ఒక్క లోపం లేదు. అయినా మాలికలోకి తీసుకోలేను పండితులుగారూ. పిరికివాడు ఒక పాదంలో, వీరుడు ఇంకో పాదంలో, మొక్క మరో పాదంలో విడివిడిగా సర్దుకున్నారు. మన వీరుడి మీసంలో ఒక్క వెంట్రుక కూడా కదలలేదు.

విశ్రాంత పండితులు:
సమస్యలోని అసంబద్ధతను తీర్చడమే కదా పూరణ ధర్మం?

నిర్వాహకుడు:
అసంబద్ధత పోవాలి, నిజమే. మనకు దాంతోపాటు వీరుడి పరువు కూడా పోవాలి. విజయనగరం మిత్రుడికి బహుమతి మీరే ఇవ్వండి, మొదటి కథ మాత్రం వంకాయదే. తెనాలివారి మీసం రెండో కథ. నటుడి ముచ్చటను మూడో కథగా పెంచే పని డాలస్ తమ్ముడిది. ఉత్తరుడిని కథగా మళ్లీ చెబితే తిక్కనగారితో పోటీ పడాలి, నాకంత ధైర్యం లేదు.

మాంత్రికుడి సంగతి తేలలేదు కాబట్టి వచ్చే వారం సమస్య ఇది. మళ్లీ ఆటవెలదే:

చిలుక చావ ఖలుఁడు చిందులాడె