పిన్‌కోడ్‌ని రెండుసార్లు రాస్తే 7తో ఎందుకు పోవట్లేదు?

పాత పోస్టాఫీసు నాన్న:
మా పాప ఏడో తరగతి. మూడంకెల సంఖ్యను పక్కపక్కనే రెండుసార్లు రాస్తే, అంటే 358ని 358358 అని రాస్తే, అది 7తో, 11తో, 13తో శేషం లేకుండా పోతుందని టీచర్ చెప్పారట. నిన్న రాత్రి మా వైజాగ్ పిన్‌కోడ్‌తో అదే చేసింది: 530001530001. 7తో భాగిస్తే 6 మిగిలింది, 11తో 9, 13తో 8. నేను చేసినా అంతే. ఎక్కడైనా తప్పు చేశామా? ఇది ప్రధాన సంఖ్యేమో అని కూడా అడుగుతోంది, దయచేసి ఎవరైనా చెప్పండి.

మద్దిలపాలెం మాస్టారు:
మీ భాగహారాలన్నీ కరెక్టేనండి. 358358 అంటే 358 × 1001. ఆ 1001 = 7 × 11 × 13, కిటుకంతా అక్కడే ఉంది. పిన్‌కోడ్‌కి ఆరంకెలు కాబట్టి మీది 530001 × 10,00,001 అవుతుంది, ఈ 10,00,001లో 7, 11, 13 లేవు, ఉన్నవి 101 × 9901. కాబట్టి ప్రధాన సంఖ్య కాదు. 101తో పోతుందని భాగించకుండానే చూపించొచ్చు: కుడి నుంచి రెండేసి అంకెలు విడదీసి ఒకటి కూడుతూ ఒకటి తీసేస్తూ రండి, 01 − 00 + 53 − 01 + 00 − 53, సున్నా. జంటలు మూడు కాబట్టి రెండోసారి వచ్చేసరికి ప్రతి జంటకీ గుర్తు తిరగబడుతుంది, అందుకే ఏ పిన్‌కోడ్ రాసినా సున్నానే. నాకు ఈ లెక్కలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

సీతమ్మధార:
530001ని కూడా విడగొట్టాను. అంకెల మొత్తం 9, అంచేత 3 × 3 × 58889. ఈ 58889 దగ్గర చాలాసేపు ఆగిపోయాను. వర్గమూలం 242 దాటి కొంచెం, అందుకని 241 వరకు ఉన్న 53 ప్రధాన సంఖ్యలతోనూ చూశాను, ఒక్కదానితోనూ పోలేదు, అదే ప్రధాన సంఖ్య. మొత్తం సంఖ్య 3 × 3 × 101 × 9901 × 58889, భాజకాలు 24. పాపకి కాలిక్యులేటర్ ఇవ్వకండి, 58889ని 17తో భాగిస్తే 1 మిగులుతుంది, అంత దగ్గరకొచ్చి తప్పిపోవడం తను చేత్తో చేసి చూడాలి. నాలుగంకెల బండి నంబరైతే 10001 = 73 × 137, అదీ చేయించండి.

పాత పోస్టాఫీసు నాన్న:
చాలా థాంక్స్ అండి. 101తో పోయింది, పాప గెంతులేసింది. కానీ మాస్టారూ, వాళ్ల అమ్మమ్మది గాజువాక, 530026. అదీ రెండుసార్లు రాస్తే 7తో కూడా పోయింది! మరి 10,00,001లో 7 లేదన్నారు కదా?

మద్దిలపాలెం మాస్టారు:
భలే పట్టుకుంది! 530026 తానే 7 × 75718. పది లక్షల్ని 7తో భాగిస్తే 1 మిగులుతుంది, 10,00,001కి 2, కాబట్టి పిన్‌కోడ్‌కి ఎంత మిగిలితే రెండుసార్లు రాసినదానికి దాని రెట్టింపు. మీ 530001కి 3 మిగులుతుంది, అందుకే 6 వచ్చింది. గాజువాకకి 0, రెట్టింపూ 0. 11తోనూ ఇంతే, మీ పిన్‌కి 10 మిగులుతుంది, రెట్టింపు 20, అందులో 11 పోతే మీకొచ్చిన 9. 13 సంగతి మాత్రం పాపనే చెప్పమనండి.